రాయవేలూరు డాక్టరమ్మ: ఇచ్చిన మాట, తెచ్చిన డబ్బు

చిత్తూరు, నెల్లూరు, అనంతపురం జిల్లాల వాళ్ళని ఎవరిని కదిపినా, ఇంట్లో ఎవరో ఒకరు జబ్బుచేసి రాయవేలూరు వెళ్ళొచ్చిన కథ ఒకటి బయటపడుతుంది. ఊళ్ళో డాక్టరు తనవల్ల కాదంటే తరవాత వినిపించే పేరు అదే. మ్యాపులో ఎలా ఉన్నా మా వైపు వాళ్ళకి అది ఎప్పటికీ రాయవేలూరే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, వేలూరు రెండూ ఉత్తర ఆర్కాడు జిల్లాలోనే ఉండేవి. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీని, ఆసుపత్రిని నిలబెట్టిన డాక్టర్ ఐడా స్కడర్ గురించి ఈసారి రాయాలనిపించింది.

ముందే చెప్పేస్తాను, నేను డాక్టర్ని కాను. ఇక్కడ ఒక నాన్-ప్రాఫిట్ ఆసుపత్రిలో లెక్కలు చూసే ఉద్యోగం నాది. అందుకని ఆవిడ జీవితకథలో నన్ను పట్టి నిలిపింది వైద్యం కన్నా ఆవిడ తెచ్చిన డబ్బు, ఆ డబ్బుతోపాటు వచ్చిన షరతులు. సొంత ఊళ్ళో ఆసుపత్రి కట్టించాలని చందాలు పోగుచేసేవాళ్ళు మన సంఘంలో చాలామందే ఉన్నారు. వాళ్ళు చదవాల్సిన కథ ఇది.

ఐడా 1870 డిసెంబరు 9న రాణీపేటలో పుట్టారు. తాత జాన్ స్కడర్ అమెరికా నుంచి సింహళానికీ, తరవాత మద్రాసుకీ వచ్చిన వైద్య మిషనరీ. తండ్రి కూడా డాక్టరే, ఆర్కాడు మిషన్‌లో పనిచేసేవారు. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళు పెద్దయ్యాక ఇండియాలోనే పనిచెయ్యాలన్నది ఎవరూ పైకి అనని నియమం. ఐడాకి మాత్రం అది ససేమిరా ఇష్టం లేదు. మసాచుసెట్స్‌లో చదువుకుంటూ, అమెరికాలోనే పెళ్ళి చేసుకుని స్థిరపడాలనుకున్నారు. (మనం ఇటు రావాలని కలలుగన్నట్టే ఆవిడ ఇటే ఉండిపోవాలని కలలుగన్నారు!) 1890లో తల్లికి జబ్బుచేస్తే చూసుకోవడానికి తిండివనం వచ్చారు. అక్కడ ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు, ఒక బ్రాహ్మణ యువకుడు, ఒక ముస్లిం, ఇంకో హిందూ గృహస్థు, వేర్వేరుగా వచ్చి ప్రసవం కాక అవస్థపడుతున్న తమ భార్యల్ని చూడమని ఆవిడనే బతిమాలారు. తను డాక్టర్ని కాదనీ, నాన్నగారు వస్తారనీ చెప్పినా మగ డాక్టరు గడప తొక్కడానికి వాళ్ళు ఒప్పుకోలేదు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోయారు. ఆ రాత్రి కథ చాలామంది విన్నదే కనక ఇంతటితో వదిలేస్తాను. కానీ ఆవిడ మొక్కుకున్నది ఆడవాళ్ళకి వైద్యం చేస్తానని. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తరవాత దీనితో పనుంది.

ఫిలడెల్ఫియాలో మొదలుపెట్టి, కార్నెల్ మెడికల్ కాలేజీ ఆడవాళ్ళని చేర్చుకున్న మొదటి బ్యాచిలో 1899లో డాక్టరై బయటికొచ్చారు. తిరుగు ప్రయాణానికి ముందే చందాల వేట మొదలైంది. షెల్ అనే న్యూయార్క్ బ్యాంకరు చనిపోయిన తన భార్య పేరు పెట్టాలని 10,000 డాలర్లు ఇచ్చాడు. 1900లో ఐడా వేలూరు చేరారు. కొద్ది నెలలకే తండ్రి పోయారు. పడకలు లేవు, పెద్ద డాక్టరు లేరు, ఇంట్లోనే ఒక గదిలో వైద్యం. వంటవాడి భార్య సలోమికి పని నేర్పి నర్సుగా పెట్టుకున్నారు. రెండేళ్ళలో చూసిన రోగులు 5,000 మంది. 1902లో 40 పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరుచుకుంది. తరవాత ఎడ్లబండిలోనూ, కొన్నేళ్ళకి ఒక చిన్న ప్యూజో కారులోనూ గుడియాత్తం రోడ్డున చెట్లకింద ఆగి ఆగి రోగుల్ని చూసేవారు. 1909లో నర్సింగ్ స్కూలు.

రోగులు పెరుగుతున్నారు, డాక్టరు మాత్రం ఒక్కరే. అందుకని ఆడవాళ్ళకి మెడికల్ స్కూలు పెడతానన్నారు. మద్రాసు ప్రభుత్వ వైద్యాధికారి ముగ్గురు అప్లికేషన్ పెడితే గొప్పే అన్నట్టు మాట్లాడాడు. 1918లో వచ్చినవి 151. మొదటి సంవత్సరం ప్రభుత్వ పరీక్షలో ఆ అమ్మాయిలంతా పాసయ్యారు, మగపిల్లల్లో చాలామంది తప్పిన ఏడాదిలో! అప్పటి కోర్సు ఎల్.ఎం.పి. అంటే యూనివర్సిటీ డిగ్రీ కాదు, లైసెన్సు.

ఇక డబ్బు సంగతి. అమెరికాలో లూసీ పీబడీ అనే ఆవిడ వేలూరుతో కలిపి ఆసియాలోని ఏడు మహిళా కాలేజీల కోసం 1920ల మొదట్లో చందాల ఉద్యమం నడిపారు. రాక్‌ఫెల్లర్ కుటుంబపు ఫండు ఒక షరతు పెట్టింది: ఆడవాళ్ళు 20 లక్షల డాలర్లు పోగుచేస్తే తాము 10 లక్షలు కలుపుతామని. ఇప్పుడు మన కంపెనీల్లో మ్యాచింగ్ గ్రాంట్ అంటున్నామే, అదే. చర్చిలకి వెళ్ళే మామూలు ఆడవాళ్ళు డాలరు డాలరుగా పోగుచేసి 1923కల్లా లెక్క పూర్తిచేశారు. వేలూరులో పెద్ద ఆసుపత్రి లేచింది, ఊరి బయట బాగాయంలో 200 ఎకరాల్లో కాలేజీ లేచింది. గెర్ట్రూడ్ డాడ్ అనే డబ్బున్న స్నేహితురాలు జీతం తీసుకోకుండా వేలూరులోనే ఉండిపోయి, సంస్థ లెక్కలు చూస్తూ, తక్కువపడ్డచోట సొంత డబ్బు వేసేవారు. నా ఉద్యోగం నాది కనక ఈవిడంటే నాకు ప్రత్యేకమైన అభిమానం.

అసలు చిక్కు 1938 ప్రాంతంలో వచ్చింది. మద్రాసు ప్రభుత్వం ఎల్.ఎం.పి. కోర్సు ఎత్తేసింది. ఇక మీదట ఎం.బి.బి.ఎస్. ఒక్కటే. వైద్యం ప్రమాణం పెంచాలన్న ఉద్దేశం మంచిదే, కానీ వేలూరుకి అది పిడుగుపాటు. డిగ్రీ కాలేజీ అంటే పడకలు పెంచాలి, ల్యాబులు పెంచాలి, పెద్ద డిగ్రీలున్న ప్రొఫెసర్లని తేవాలి. కొత్త విద్యార్థుల్ని చేర్చుకోవడం ఆగిపోయింది. యుద్ధం మొదలైంది. 70 ఏళ్ళు దాటిన ఐడా మళ్ళీ అమెరికా వచ్చి, ఊరూరూ తిరిగి చేయి చాచారు.

వచ్చిన డబ్బు సరిపోలేదు. దక్షిణాదిలోని మిషన్లన్నీ కలిస్తే తప్ప సరిపోదు. ఆ మిషన్లకి మగ డాక్టర్లు కూడా కావాలి. కాబట్టి కాలేజీని ఇద్దరికీ కలిపి పెడితేనే కలుస్తామన్నాయి. అంటే తలుపులు తెరిచి బతకడమా, మాట నిలుపుకుని మూతబడడమా?

పీబడీ గట్టిగా అడ్డం తిరిగారు. ఆడవాళ్ళ కోసం అని చెప్పి ఆడవాళ్ళ దగ్గర తెచ్చిన డబ్బు మగవాళ్ళ చదువుకి పోవడం నమ్మకద్రోహమన్నది ఆవిడ వాదన. అందరిదీ అయ్యాక కాలేజీ మగవాళ్ళ చేతికి పోతుందన్న భయం కూడా ఉంది. ఏళ్ళ తరబడి ఉన్న స్నేహం దెబ్బతింది.

చాలామంది ఈ ఘట్టం రాసేటప్పుడు పీబడీని మొండి మనిషిగా చూపించి వదిలేస్తారు. నేను ఒప్పుకోను. మా ఆఫీసులో దీన్ని రెస్ట్రిక్టెడ్ ఫండ్ అంటాం. ఫలానా వార్డుకని ఎవరైనా చెక్కు రాస్తే, ఆసుపత్రి అప్పుల్లో ఉన్నా సరే ఆ డబ్బుతో జీతాలు ఇవ్వకూడదు. దాత ఒప్పుకోవాలి, లేదా కోర్టు ఒప్పుకోవాలి. ఆ గీత చెరిగితే మళ్ళీ ఎవరూ చెక్కు రాయరు. డాలరు ఇచ్చిన ఒక్కొక్క ఆవిడా గడపదాటని ఏ ఇండియా తల్లినో ఊహించుకుని ఇచ్చింది. వాళ్ళలో చాలామంది అప్పటికి బతికి లేరు, ఎవరిని అడగాలి?

మరి ఐడా ఏం చేశారు? ఆవిడ కూడా సులభంగా ఒప్పుకోలేదు, ఆ కాలేజీ ఆవిడ సొంత కల. కానీ చివరికి ఆవిడ అటువైపే నిలిచారు. నాకు అర్థమైనంతలో ఆవిడ చూసుకున్నది ఇది. తిండివనంలో తను మొక్కుకున్నది మంచం మీదున్న మనిషి కోసం, ఆడపిల్లల కాలేజీ దానికి దారి మాత్రమే. దారి మూసుకుపోయాక దాని గుమ్మం కాపలా కాస్తూ కూర్చుంటే ఆ మంచం దగ్గరికి వెళ్ళేవాళ్ళు ఎవరు? మూతబడ్డ కాలేజీలోంచి ఆడ డాక్టరూ రాదు, మగ డాక్టరూ రాడు. నేను ఆ బోర్డులో ఉండి ఉంటే ఐడా వైపే చెయ్యెత్తేవాణ్ణి. అయితే పీబడీ అభ్యంతరాన్ని మినిట్స్‌లో పూర్తిగా రాయించి మరీ ఎత్తేవాణ్ణి. డబ్బు అవసరమే ఆ నిర్ణయాన్ని ముందుకు తోసిందన్నది కూడా నిజం. దాన్ని ఆదర్శం కింద జమకట్టడం నాకు నచ్చదు.

1942లో ఎం.బి.బి.ఎస్.కి అనుమతి వచ్చింది. 1947లో మొదటిసారి మగపిల్లలు చేరారు. 1948లో పాల్ బ్రాండ్ అక్కడే కుష్ఠురోగుల వంకరపోయిన చేతులకి ఆపరేషన్లు మొదలుపెట్టాడు. 1961లో ఓపెన్ హార్ట్ సర్జరీ, 1971లో కిడ్నీ మార్పిడి, రెండూ దేశంలో మొదటి వరసలో. మనవాళ్ళు రైలెక్కి రాయవేలూరు వెళ్ళింది ఈ పెద్ద ఆసుపత్రికే. అక్కడికి వెళ్ళేవాళ్ళలో మగవాళ్ళూ ఉన్నారు, మగ డాక్టరుకి చూపించుకునే ఆడవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు చిత్తూరు దగ్గర గుడిపాలలో కూడా దాని శాఖ ఉంది.

కాలేజీ మగవాళ్ళ చేతికి పోతుందని పీబడీ భయపడ్డారు కదా. 1946లో ఐడా పదవి దిగారు. మగపిల్లలు చేరిన కొద్దికాలానికే ఆ సంస్థకి మొదటి భారతీయ డైరెక్టరుగా వచ్చింది డాక్టర్ హిల్డా లాజరస్, మన విశాఖపట్నంలో పుట్టిన ఆడమనిషి! 1954 దాకా ఆవిడే నడిపారు. లూసీ పీబడీ 1949లో పోయారు. ఐడా మటుకు కొడైకెనాల్‌లో తన ఇంట్లో ఇంకో పదేళ్ళు పైనే ఉండి, 1960 మే 24న, 89వ ఏట కన్నుమూశారు.