మీసాల నాగమ్మ నుంచి బృహన్నల దాకా
ఏది మార్చుకోవాలి, ఏది వదులుకోకూడదు? ఎన్టీఆర్ కెరీర్ చెప్పే పాఠం

గేమ్ సిరీస్‌లో కొత్త భాగం వస్తోందంటే అభిమానులకు ఆనందంతో పాటు రెండు భయాలు. మరీ మార్చేసి పాడుచేశారేమో అన్నది ఒకటి. ఏమీ మార్చకుండా పాతదే మళ్లీ అంటగడుతున్నారేమో అన్నది రెండోది. మారియోనే చూడండి. 1981లో ‘డాంకీ కాంగ్’లో వడ్రంగిగా కనిపించాడు. తర్వాత ప్లంబర్ అయ్యాడు. 1996లో ‘సూపర్ మారియో 64’తో ఏకంగా త్రీడీలోకి వచ్చేశాడు. వృత్తి మారింది, లోకం మారింది. కానీ గెంతడం మాత్రం మారలేదు. ఆ గెంతు ఉన్నంతకాలం అది మారియోనే.

మన ఇళ్లలోకి వీడియో గేములు రాకముందే ఇలాంటి పరీక్షను ఎదుర్కొన్న తెలుగువాడు ఒకరున్నారు. ఉప్పల్, నాచారం హాస్టళ్లలో ఉండి ఇంటర్వ్యూలకు తిరిగేవాళ్లకు నాచారం రామకృష్ణా స్టూడియో తెలిసే ఉంటుంది. ఆ స్టూడియో వెనకున్న పేరు నందమూరి తారక రామారావు. ఒకే శ్రీకృష్ణుడి పాత్రను 17 సినిమాల్లో వేసి, జనానికి విసుగు రాకుండా చూసుకున్నారాయన.

మీసం తీయనన్న కుర్రాడు

ఎన్టీఆర్ 1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో పుట్టారు. విజయవాడ ఎస్సారార్ కాలేజీలో చదువుతున్నప్పుడు, అక్కడ తెలుగు చెప్పే విశ్వనాథ సత్యనారాయణ ఒక నాటకంలో నాగమ్మ అనే ఆడవేషం ఇచ్చారు. వేషం వేస్తాను గానీ మీసం మాత్రం తీయనని పట్టుబట్టాడు కుర్రాడు. మీసంతోనే స్టేజీ ఎక్కాడు. ఇంకేముంది, ‘మీసాల నాగమ్మ’ అని పేరు పడిపోయింది.

ఇది నవ్వుకునే కథే అయినా, ఇందులో అసలు విషయం ఒకటుంది. ఆ వయసులో తనకు గుర్తింపు మీసమే అనుకున్నారాయన. తనలో మారకూడనిది ఏమిటో ఇంకా తెలియదు.

గుంటూరు ఏసీ కాలేజీలో బీఏ అయ్యాక సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగం వచ్చింది. మూడు వారాలకే వదిలేసి మద్రాసు రైలెక్కారు. సర్కారీ కొలువు కోసం ఏళ్లకేళ్లు చదివేవాళ్లకు ఇది వింటే గుండె గుభేల్‌మంటుంది. పైగా 1949లో ‘మనదేశం’లో దక్కింది చిన్న పోలీసు వేషమే. 1951లో ‘పాతాళభైరవి’ తోటరాముడితో గానీ దశ తిరగలేదు.

మొదటి కృష్ణుడు నచ్చలేదు

ఆయన కృష్ణుడిగా మొదట కనిపించింది 1954లో, ‘ఇద్దరు పెళ్లాలు’ సినిమాలో వచ్చే ఒక కల సన్నివేశంలో. ఆ తర్వాత 1956లో ‘సొంతవూరు’లో కాసేపు కనిపించారు. జనం ఆదరించలేదు. అందుకే కె.వి.రెడ్డి ‘మాయాబజార్’ కోసం మళ్లీ కృష్ణుడు వేయమంటే వెనకాడారు. దర్శకుడు నచ్చజెప్పి ఒప్పించారు.

ఈసారి తేడా ఎక్కడుందో గమనించండి. నటుడు అదే మనిషి, దేవుడూ అదే దేవుడు. ఆహార్యం మీద, నడక మీద, నిలబడే తీరు మీద కె.వి.రెడ్డి ప్రత్యేక శ్రద్ధ పెట్టారు. 1957 మార్చిలో సినిమా వచ్చింది. తెలుగువాళ్లకు కృష్ణుడంటే ఆ రూపమే గుర్తుండిపోయింది. అంటే మొదటి వెర్షన్ ఆడలేదని పాత్రనే పక్కన పడేయలేదు. లోపం ఎక్కడుందో వెతికి సరిచేశారు.

ప్రతిసారీ కొత్త కృష్ణుడు

ఒక్కసారి హిట్టయిన కృష్ణుణ్ని అలాగే కాపీ కొట్టి ఉంటే నాలుగు సినిమాల్లో జనం లేచి వెళ్లిపోయేవారు. ‘మాయాబజార్’లో ఆయన ఓ పెళ్లిని చక్కబెట్టే కొంటె పెద్దమనిషి. 1963లో ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’లో ప్రాణస్నేహితుడి మీదికే ఆయుధం ఎత్తాల్సి వచ్చినవాడు. 1966లో ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామ పంతానికి లొంగి త్రాసులో కూర్చునే భర్త. అదే ఏడాది ‘శ్రీకృష్ణ పాండవీయం’లో స్వీయ దర్శకత్వంలో కృష్ణుడూ తానే, దుర్యోధనుడూ తానే.

1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూరకర్ణ’లో ఇంకో అడుగు ముందుకేశారు. కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు, ముగ్గురూ ఆయనే. అక్కడ కథానాయకుడు కర్ణుడు. అంటే ఇన్నాళ్లూ మనం చప్పట్లు కొట్టిన కృష్ణుడి ఎత్తులను ఈసారి అవతలి పక్షం నుంచి చూస్తాం. గేమర్ల భాషలో చెప్పాలంటే, హీరోను ఆపోజిట్ టీమ్‌లో పెట్టి ఆడించారన్నమాట.

ఇన్ని మారినా మారనివి మూడు: తొణకని నిలకడ, పెదవి చివర దాగే నవ్వు, ఎంత పొడుగు డైలాగైనా అక్షరం జారని స్పష్టమైన ఉచ్చారణ. ఆయన కృష్ణుడికి ‘గెంతు’ ఇదే.

నలభైలో మళ్లీ విద్యార్థి

మీసాల నాగమ్మ కథకు ముగింపు 1963లో దొరికింది. ‘నర్తనశాల’లో ఆయన అర్జునుడు, అజ్ఞాతవాసంలో నాట్యం నేర్పే బృహన్నల. అప్పటికే పెద్ద స్టార్, వయసు నలభై. అయినా వెంపటి చినసత్యం దగ్గర కూచిపూడి నేర్చుకున్నారు. కాలేజీలో మీసం తీయనన్న మనిషి ఇప్పుడు ఆడవేషంతో, జడతో, గజ్జెలతో నిలబడ్డారు. అర్జునుడి ఠీవి మాత్రం ఎక్కడికీ పోలేదు. మీసం పోతే తాను పోననే ధైర్యం అప్పటికి వచ్చింది.

‘దానవీరశూరకర్ణ’ వచ్చిన ఏడాదే ‘అడవి రాముడు’తో కుర్రకారు చేత ఈలలు వేయించారు. 1982లో పార్టీ పెట్టి, 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. 1996 జనవరి 18న కన్నుమూశారు. 2010లో హైదరాబాద్‌ సంస్థ గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ ‘మాయాబజార్’కు రంగులద్ది మళ్లీ విడుదల చేసింది. మన భాషలో రీమాస్టర్. రంగులు కొత్తవే అయినా కృష్ణుణ్ని ఎవరూ కొత్తగా పరిచయం చేయాల్సిన పని పడలేదు.

మరి మన సంగతి?

మెకానికల్ చదివి టెస్టింగ్ కోర్సులో చేరినవాళ్లు, ఈసీఈ చేసి డేటా ఉద్యోగాలు వెతికేవాళ్లు మనలో ఎంతోమంది. ఇన్నేళ్లు చదివిందంతా వృథానా అన్న బెంగ రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వదు. దానికి ఆయన కెరీర్‌లో మూడు సమాధానాలు దొరుకుతాయి.

* మీ ‘మీసం’ ఏదో తేల్చుకోండి. బ్రాంచి పేరు, మొదట నేర్చిన ప్రోగ్రామింగ్ భాష మీ గుర్తింపు కాకపోవచ్చు. లెక్క కట్టి ఆలోచించడం, తప్పు ఎక్కడుందో ఓపిగ్గా పట్టుకోవడం మీ గుర్తింపు కావచ్చు.

* మొదటి ప్రయత్నం తిరగ్గొడితే దారి మార్చే ముందు తీరు మార్చి చూడండి. పది ఇంటర్వ్యూలు పోయినంత మాత్రాన ఆ రంగం మీది కాదని కాదు.

* కొత్తది నేర్చుకోవడానికి సిగ్గుపడకండి. నలభై ఏళ్ల స్టార్ గజ్జె కట్టి అడుగులు దిద్దుకోగా లేనిది, ఇరవై రెండేళ్ల మనకేం?

ఒక కాగితం తీసుకోండి. మీలో మార్చుకోదగ్గవి ఒకవైపు, మారకూడనివి ఇంకోవైపు రాయండి. రెండో వైపు మూడుకు మించి వస్తే ఇంకోసారి ఆలోచించండి. అందులో మీసాలేవో కలిసిపోయి ఉంటాయి.