లేదన్న చోట వెతికి చూపినవాడు: సురవరం ప్రతాపరెడ్డి జీవితం

సృజన, ధైర్యం అనగానే మన పిల్లలకు రెండు బొమ్మలు గుర్తుకొస్తాయి. ఒకటి పాట కట్టే కళాకారుడు, రెండోది ఆయుధం పట్టిన వీరుడు. ఈ రెండూ మనకు కావలసినవే. అయితే కలం, తపాలా, ఓపిక తప్ప వేరే ఆయుధం లేకుండానే ఈ రెండు గుణాలనూ చూపించిన మనిషి మన పాలమూరు నేల మీద పుట్టాడు. ఆయనే సురవరం ప్రతాపరెడ్డి. ఆయన గిరిజనుడు కాడు, మన తండాల్లోనో చెంచు పెంటల్లోనో పెరిగినవాడు కాడు. అయినా ఆయన ఎదుర్కొన్న మాట ఈరోజు మనం ఎదుర్కొంటున్న మాటే. మీకు సాహిత్యం లేదు, చరిత్ర లేదు అన్న మాట అది. దానికి ఆయన ఇచ్చిన జవాబు మన యువతకు తెలియాలి.

పుట్టిన నేల, చదివిన చదువు

ప్రతాపరెడ్డి 1896 మే 28న అలంపురం ప్రాంతంలోని బోరవెల్లిలో పుట్టారు. తల్లి రంగమ్మ, తండ్రి నారాయణరెడ్డి. స్వగ్రామం ఇటిక్యాలపాడు. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న ఈ ఊళ్లు ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాలోకి వచ్చాయి. తుంగభద్ర దాటితే కర్నూలు. అది అప్పట్లో ఇంగ్లీషువాళ్ల పాలన కింద ఉంది, ఇవతల ఒడ్డు నిజాం రాజ్యం. కర్నూలులో, హైదరాబాదులో, మద్రాసులో చదువుకుని, న్యాయశాస్త్రం కూడా పూర్తి చేశారు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, ఫారసీ, ఇంగ్లీషు నేర్చుకున్నారు. వకీలుగా స్థిరపడి ఉంటే హాయిగా బతికేవారు.

కానీ ఆ రోజుల్లో నిజాం రాజ్యంలో తెలుగువాడి పరిస్థితి వేరు. ప్రభుత్వ భాష ఉర్దూ. కచేరీలో, పెద్ద చదువుల్లో ఉర్దూదే రాజ్యం. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన కూడా ఉర్దూలోనే. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలోనివారు గేలి చేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఇంట్లో మాట్లాడే భాషను బయట మాట్లాడడానికి సిగ్గుపడాల్సి రావడం ఎలా ఉంటుందో, గోర్ బోలీ మాట్లాడే ఇంటి నుంచి హాస్టలుకు వెళ్లిన మన పిల్లలకు ఒకరు చెప్పనక్కర్లేదు.

గోలకొండ పత్రిక

హైదరాబాదులో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి ఆధ్వర్యంలో నడుస్తున్న రెడ్డి హాస్టలు బాధ్యతల్లోకి ప్రతాపరెడ్డి వచ్చారు. అక్కడి పిల్లల చదువు, క్రమశిక్షణ, గ్రంథాలయం చూసుకుంటూనే ఆయన మనసు పత్రిక మీదకు పోయింది. అప్పటికే 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నీలగిరి పత్రికనూ, ఓరుగల్లు వైపున ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికనూ తెచ్చి దారి వేశారు. 1926 మే 10న గోలకొండ పత్రిక మొదటి సంచిక వచ్చింది. సంపాదకుడు ప్రతాపరెడ్డికి అప్పటికి ముప్పై ఏళ్లు నిండలేదు.

పత్రిక నడపడమంటే ఇప్పటిలా ఫోనులో నాలుగు మాటలు రాసి పంపించడం కాదు. కాగితం కొనాలి, అక్షరాలు కూర్పించాలి, చందాలు వసూలు చేయాలి, తపాలాలో పంపాలి. చదువు వచ్చినవాళ్లే తక్కువ, వాళ్లలో తెలుగు చదివేవాళ్లు ఇంకా తక్కువ. రాసేవాళ్లు దొరకని రోజుల్లో ఆయనే మారుపేర్లు పెట్టుకుని రకరకాల వ్యాసాలు రాసి పేజీలు నింపారు. వెట్టి గురించి, రైతుల బాధల గురించి, ఆడపిల్లల చదువు గురించి, గ్రంథాలయాల గురించి ఆ పత్రిక మాట్లాడింది.

ప్రభుత్వానికి ఇది నచ్చలేదు. సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 ప్రకారం ముందుగా అనుమతి తీసుకోవలసిన కాలం అది. పత్రికల మీదా అదే కన్ను. ఒక దశలో అనుమతి లేకుండా సంపాదకీయం రాయకూడదని ఆంక్ష పెట్టారు. ప్రతాపరెడ్డి ముందు మూడు దారులున్నాయి. తలవంచి ప్రతి మాటా చూపించి రాయడం, ఆంక్షను ధిక్కరించి పత్రికను మూయించుకోవడం, లేదంటే ఇంకేదైనా ఉపాయం చూడడం. ఆయన మూడో దారి పట్టారు. సంపాదకీయం వేయవలసిన చోట ప్రపంచంలోని మేధావుల సూక్తులను ఏరి ప్రచురించారు. న్యాయం గురించి, స్వేచ్ఛ గురించి ఎప్పుడో ఎక్కడో ఎవరో చెప్పిన మాట అది. సంపాదకుడు రాసింది ఒక్క అక్షరం లేదు. చదివినవాడికి మాత్రం అది ఎవరికి తగులుతుందో తెలుసు.

సృజన, ధైర్యం కలిసి పనిచేయడమంటే ఇదే. ధైర్యం ఒక్కటే ఉంటే ఆ వారమే పత్రిక మూతపడేది. తెలివి ఒక్కటే ఉంటే ఆయన మౌనంగా ఉండిపోయేవారు. రెండూ ఉన్నాయి కనుక పత్రిక బతికింది, మాట కూడా బతికింది.

జోగిపేట నుంచి దేవరకొండ దాకా

1930లో జోగిపేటలో మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు అధ్యక్ష స్థానంలో కూర్చున్నది ప్రతాపరెడ్డే. అదే సమయంలో నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది. మరుసటి ఏడు, 1931లో, రెండో మహాసభ మన నల్లగొండ జిల్లా దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన జరిగింది. 1936లో పాలమూరు జిల్లా షాద్‌నగర్‌లో మరో మహాసభ జరిగింది. ఇవాళ దేవరకొండ చుట్టూ ఎటు వెళ్లినా తండాలే. ఆ రోడ్ల మీద నడిచే మన పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

354 మంది కవులు

ఆయన జీవితంలో మనం బాగా నిలబడి చూడవలసిన ఘట్టం 1934లో వచ్చింది. తెలంగాణలో కవులు లేరని ఒక పండితుడు రాశారు. చదివినవాళ్లకు ఒళ్లు మండింది. ఇలాంటి మాటకు జవాబుగా కోపంతో ఒక వ్యాసం రాయవచ్చు, సభ పెట్టి ఖండించవచ్చు. ఆ వేడి నాలుగు రోజులుంటుంది. తర్వాత ఆ మాట అలాగే మిగిలిపోతుంది, ఎందుకంటే కవులు ఉన్నారని ఎవరూ చూపించలేదు.

ప్రతాపరెడ్డి లెక్క తీయడం మొదలుపెట్టారు. కవులు తమ వివరాలు, పద్యాలు పంపాలని కోరారు. ఎక్కడెక్కడి పల్లెల్లోనో పొలం చేసుకుంటూ, పిల్లలకు పాఠం చెప్పుకుంటూ, రాసిన పద్యాన్ని అటక మీద దాచుకున్నవాళ్లు బయటికి వచ్చారు. వచ్చిన వాటిని చదివి, సరిచూసి, కూర్చి ఒకే సంపుటంగా అచ్చు వేశారు. అదే గోలకొండ కవుల సంచిక. అందులో 354 మంది కవులున్నారు.

లేరన్న మాటకు 354 పేర్లు జవాబు. దాని మీద ఇక వాదన అక్కర్లేదు. ఆ సంచికలోని ప్రతి పద్యమూ గొప్పదని ఎవరూ అనరు, అనవలసిన పనీ లేదు. పేరు, ఊరు ఉన్న మనుషులు ఇక్కడ ఉన్నారని అది చెప్పింది. తాను రాసింది పదిమందికి తెలియడానికి పాటుపడే రచయితలు ఎప్పుడూ ఉంటారు. ఇతరులు రాసింది పదిమందికి తెలియడానికి ఇంతగా శ్రమపడినవాళ్లు తక్కువ.

రాజుల కథ కాని చరిత్ర

1949లో ఆయన ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెలువడింది. అప్పటిదాకా చరిత్ర అంటే ఏ రాజు ఎప్పుడు గెలిచాడు, ఎవరి మీద దండెత్తాడు అన్నదే. ప్రతాపరెడ్డి వేరే ప్రశ్నలు అడిగారు. జనం ఏం తిన్నారు? ఏం కట్టుకున్నారు? ఏ ఆటలు ఆడారు? ఏ పండుగలు చేసుకున్నారు? ఏ దేవతలకు మొక్కారు? ఈ వివరాలు శాసనాల్లో తక్కువగా దొరుకుతాయి. అందుకని ఆయన కావ్యాలను తవ్వారు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం, క్రీడాభిరామం, శుకసప్తతి, హంసవింశతి వంటి పుస్తకాల్లో కవులు మాటవరసకు చెప్పిన చిన్న చిన్న సంగతులను ఏరి, వరుసలో పెట్టి, జనం బతుకును కళ్లకు కట్టారు. అందరూ రసం కోసం చదివే కావ్యంలో ఆయన వంటింటిని, సంతను, ఆటస్థలాన్ని చూశారు. కొత్త సామాను తేకుండా ఉన్నదాన్నే కొత్త కంటితో చూడడం కూడా సృజనే.

1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. మరుసటి ఏడు, 1953 ఆగస్టు 25న, యాభై ఏడేళ్ల వయసులో కన్నుమూశారు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొదటి పురస్కారం ఆంధ్రుల సాంఘిక చరిత్రకే దక్కింది. అందుకోవడానికి ఆయన లేరు. ఈమధ్య హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు.

మనకు మిగిలిన పని

ఇంత చేసిన ఆయన పుస్తకాల్లో కూడా మన పాట లేదు. గోలకొండ కవుల సంచిక చదువు వచ్చిన కవుల సంచిక. తీజ్ రోజుల్లో గోధుమ మొలకల బుట్టల చుట్టూ మన ఆడపిల్లలు పాడే పాటలు, అత్తవారింటికి పోతూ పెళ్లికూతురు ఏడుస్తూ పాడే ఢావ్లో, వంశాల పేర్లు వరుసగా చెప్పే భాట్ల కథనం అందులోకి చేరే దారి అప్పుడు లేదు. ఇది ఆయన మీద ఫిర్యాదు కాదు. ఆయన తన వాళ్ల లెక్క తీశారు. మన లెక్క మనమే తీయాలి.

నల్లమల చెంచుల జీవితం గురించి మొదటి పెద్ద పుస్తకం ఎవరు రాశారు? ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమెన్‌డార్ఫ్. 1940లో వచ్చి చెంచుల మధ్య ఉండి, చూసి, 1943లో పుస్తకం తెచ్చారు. ఆయన చేసిన మేలు మరవలేం. కానీ చైత్ర పున్నమికి సలేశ్వరం లోయలోకి దిగే చెంచు కుటుంబం ఆ జాతర గురించి ఏమనుకుంటుందో ఆ కుటుంబంలోని బిడ్డ రాస్తే వేరుగా ఉంటుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ప్రాణమిచ్చిన జాటోత్ ఠాను నాయక్ పేరు మనందరికీ తెలుసు. ఆయనతో పాటు నిలబడిన తండావాళ్ల పేర్లు మనలో ఎందరు చెప్పగలరు? ఆ పేర్లు తెలిసిన ముసలివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

గోర్ బోలీకి సొంత లిపి లేదు కదా, ఎలా రాస్తామని కొందరు అడుగుతారు. తెలుగు అక్షరాల్లో రాయవచ్చు, రాస్తున్నవారూ ఉన్నారు. ప్రతాపరెడ్డికి తపాలా ఉండింది. మన చేతిలో ఫోను ఉంది. యాడి పాడుతుంటే రికార్డు చేయవచ్చు. పాడినవారి పేరు, తండా పేరు, తేదీ పక్కన రాసుకోవచ్చు. ముందుగా వారి అనుమతి అడగడం మాత్రం మరవకూడదు. దుస్తుల మీద అద్దాలు కుట్టే పెద్దమ్మను ఏ కుట్టు పేరేమిటని అడిగి రాసుకోవచ్చు. తండా ఎప్పుడు కట్టారు, మొదటి నాయక్ ఎవరు, నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకునేవారు అని ముసలి తాతను అడగవచ్చు. ఒక్క సెలవుల్లో ఒక్క తండా పని అయిపోతుంది.

దీనికి కొంత ధైర్యం కావాలి. ఇవి కూడా పాటలేనా అని నవ్వేవాళ్లు బయటా ఉంటారు, మన ఇళ్లలోనూ ఉంటారు. కాలేజీలో తోటివాళ్ల ముందు మన భాష పాటను చదివి వినిపించడం మొదటిసారి కష్టంగానే ఉంటుంది. రెండోసారి అంత కష్టం ఉండదు. ఆ పని చేసిన పిల్లవాడు గానీ, పిల్ల గానీ ఆ తర్వాత ఇంటర్వ్యూలో మాట్లాడడానికైనా, పంచాయతీలో హక్కు అడగడానికైనా అంతగా వెనకాడరు. వెతికి, రాసి, నలుగురిలో నిలబడి చదివిన అలవాటు మనిషిని పెంచుతుంది.

అలంపురం పల్లె నుంచి వెళ్లిన ఒక యువకుడు ముప్పై ఏళ్లు నిండకుండా పత్రిక పెట్టి, నలభై ఏళ్లు నిండకుండా 354 మంది పేర్లు వెలికితీశాడు. మన తండాల్లో, పెంటల్లో దొరికే పేర్లు అంతకంటే తక్కువేమీ ఉండవు. ఈ వేసవిలో ఇంటికి వెళ్లినప్పుడు ఒక నోటుపుస్తకం వెంట తీసుకెళ్లండి. మొదటి పేజీలో మీ తండా పేరు, మీ నానమ్మ పేరు రాసి మొదలుపెట్టండి.