దారుశిల్పి జార్జి నకషీమా

గోలకొండ అనగానే తెలుగువాని మనస్సులో కుతుబ్ షాహీల కోట మెదలుతుంది. దాని వెంటనే కృష్ణాతీరపు గనులలో దొరికి ఆ నగరపు అంగడికి చేరిన వజ్రాలు జ్ఞాపకం వస్తాయి. అదే పేరుగల కట్టడం మరొకటి దక్షిణదేశంలో ఉన్నదని మనలో చాలమంది ఎరుగరు. పుదుచ్చేరిలో శ్రీ అరవిందాశ్రమ సాధకుల నివాసం కొరకు నిర్మించిన భవనం పేరు గోల్కొండ్. నల్లగొండ, మహబూబునగరం జిల్లాలు హైదరాబాదు సంస్థానంలో భాగంగా ఉన్న ఆ రోజులలో, సంస్థానపు ప్రధాని సర్ అక్బర్ హైదరీ చొరవ వల్ల నిజాం ప్రభుత్వం నుండి లక్ష రూపాయల విరాళం ఆ నిర్మాణానికి అందింది. ఆ సహాయానికి గుర్తుగా శ్రీమాత ఆ భవనానికి మన గోలకొండ పేరు పెట్టినారు. దానిని దగ్గర నిలిచి కట్టించినవారిలో ముఖ్యుడు, ఆ పనిలోనే తన జీవితమార్గాన్ని కనుగొన్నవాడు జార్జి నకషీమా. ఇరవయ్యవ శతాబ్దపు దారుశిల్పులలో అగ్రగణ్యుడైన ఈ మహనీయుని చరిత్ర ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ప్రత్యేకంగా తెలియదగినది.

నకషీమా 1905 మే 24న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, స్పోకేన్ నగరంలో జన్మించినాడు. తల్లిదండ్రులు జపాను నుండి వలస వచ్చినవారు. ఆ వాయవ్య సీమ మహారణ్యాలకు పుట్టినిల్లు. బాల్యంలో స్కౌటు బృందంతో కొండలెక్కి, వందల యేండ్ల వయస్సుగల వృక్షాల నీడలో తిరిగిన అనుభవం ఆయన మనస్సుపై చెరగని ముద్ర వేసింది. అందుచేతనే విశ్వవిద్యాలయంలో మొదట అటవీశాస్త్రం చదివినాడు. రెండేండ్ల తరువాత వాస్తుశాస్త్రానికి మారినాడు. 1929లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు పట్టాన్ని, 1930లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ నుండి ఉన్నత పట్టాన్ని పొందినాడు.

అది ప్రపంచమంతా ఆర్థికమాంద్యంతో కుంగిపోయిన కాలం. చేతికి వచ్చిన ఉద్యోగం నిలువలేదు. తనకున్న కారును అమ్మి, ఆ సొమ్ముతో భూమిని చుట్టివచ్చే ఓడ టిక్కెట్టు కొన్నాడు. కొంతకాలం పారిస్ నగరంలో గడిపి, 1934లో పితృభూమియైన జపాను చేరినాడు. టోక్యోలో ఆంటొనిన్ రేమండ్ అనే చెక్ దేశీయుడైన వాస్తుశిల్పి కార్యాలయంలో ఆయనకు పని దొరికింది. తీరిక దొరికినప్పుడల్లా పురాతన దేవాలయాలను, పల్లెటూరి ఇండ్లను చూచి వచ్చేవాడు. మేకుతో పనిలేకుండా కొయ్యలో కొయ్యను గుచ్చి శతాబ్దాలపాటు నిలిచే గుళ్లు కట్టిన అక్కడి వడ్రంగుల నైపుణ్యం ఆయనను ఆశ్చర్యపరచింది.

శ్రీ అరవిందాశ్రమం నివాసభవన నిర్మాణాన్ని రేమండుకు అప్పగించినప్పుడు, ఆయన తరఫున పుదుచ్చేరికి వచ్చి పని నడిపించటానికి నకషీమా ముందుకు వచ్చినాడు. 1937లో నిర్మాణం ప్రారంభమైంది. ఆ తీరపు ఎండలో, ఉక్కలో, యంత్రాల సహాయం లేకుండానే మనిషికి చల్లదనం కలిగించటం ఎట్లా అన్నది అక్కడి సమస్య. దానికి వారు కనుగొన్న ఉపాయం మెచ్చదగినది. గాజు కిటికీలకు బదులు రెండువైపులా అడ్డంగా తెరచి మూసే పలకలను వరుసగా అమర్చినారు. గాలి కావలెనన్న తెరువవచ్చును, వాన వచ్చిన మూయవచ్చును. గదుల తలుపులు టేకుతో చేసినవి. వాటి పట్టెల నడుమ సందులలో నుండి గాలి ప్రవహిస్తుంది, కాని బయటివారి చూపు లోపలికి పోదు. పైకప్పు మీద వంపు పెంకులను కొంత ఎడంగా పరచి, ఎండవేడి గదిలోకి దిగకుండా చేసినారు. భక్తులు తెచ్చి ఇచ్చిన ఇత్తడి పాత్రలను కరిగించి తలుపులకు, పలకలకు కావలసిన సామగ్రి పోతపోసినారు. భారతదేశంలో ఆధునికశైలిలో వెలసిన తొలి కట్టడాలలో ఇది ఒకటి.

ఆ భవనానికి కావలసిన మంచాలు, బల్లలు, కుర్చీలకు టేకుతో రూపకల్పన చేసినవాడు నకషీమాయే. ఆయన గృహోపకరణ శిల్పానికి అది శ్రీకారం. కూలీలతోపాటు సాధకులు కూడ కాంక్రీటు కలిపి మోసిన ఆ చోట, పనికీ ప్రార్థనకూ భేదం లేదని ఆయన గ్రహించినాడు. జీతం మానుకొని తానూ సాధకుడైనాడు. శ్రీ అరవిందులు ఆయనకు సుందరానందుడని పేరు పెట్టినారు. సౌందర్యంలో ఆనందం పొందేవాడని దాని అర్థం. తరువాతి జీవితమంతా ఆ పేరుకు వ్యాఖ్యానంగానే సాగింది.

1939లో ఆయన పుదుచ్చేరి విడిచినాడు. జపానులో మేరియన్ ఒకజీమా పరిచయమైనది. 1941లో వారికి వివాహం జరిగింది. ఈ నడుమ, 1940లో అమెరికాకు తిరిగివచ్చినప్పుడు, జగత్ప్రసిద్ధుడైన ఫ్రాంక్ లాయిడ్ రైట్ రూపకల్పన చేసిన ఇల్లొకటి కడుతూ ఉండగా చూచినాడు. కాగితం మీది కల్పనకు, కట్టేవారి పనితనానికి మధ్యనున్న అంతరం ఆయనను కలవరపెట్టింది. ఊహించే బుద్ధి ఒకచోట, పనిచేసే చేయి మరొకచోట ఉన్నంతకాలం ఈ లోపం తీరదని తలచినాడు. మొదటినుండి తుదివరకు తన చేతిలోనే ఉండే పని కావలెనని నిశ్చయించుకొని, వాస్తుశిల్పిగా ఉన్న హోదాను వదలి వడ్రంగి ఐనాడు. సియాటిల్ నగరంలో ఒక క్రైస్తవ సంస్థవారు నడిపే బాలుర సంఘంలో ఆయనకు పనిచేసుకొనే చోటు దొరికింది. దానికి ప్రతిగా అక్కడి పిల్లలకు కొయ్యపని నేర్పినాడు.

ఇంతలో జపాను అమెరికాల మధ్య యుద్ధం వచ్చింది. 1942లో జపాను సంతతికి చెందిన సుమారు లక్షా ఇరవై వేలమందిని, వారిలో అధికులు అమెరికా పౌరులే అయినప్పటికీ, ముండ్లకంచెల మధ్య నిర్బంధించినారు. నకషీమా దంపతులు పసిబిడ్డ మీరాతో ఐడహో రాష్ట్రపు ఎడారిలోని మినిడోకా శిబిరానికి చేరవలసి వచ్చింది. ఏ నేరమూ చేయని మనిషికి ఇంతకంటె అవమానం లేదు. అయితే ఆ చెరసాలలోనే ఆయనకు గురువు దొరికినాడు. గెంతారో హికోగావా జపానులో సంప్రదాయపద్ధతిలో శిక్షణ పొందిన వడ్రంగి. శిబిరంలో మిగిలిన చెక్కముక్కలతో, ఎడారి పొదల కొయ్యతో ఇద్దరూ కలిసి పనిచేసినారు. రెండు విశ్వవిద్యాలయాల పట్టాలు పుచ్చుకొన్నవాడు ఆ వడ్రంగి ప్రక్కన శిష్యునివలె కూర్చొని, రంపం ఎట్లా లాగవలెనో, ఉలికి పదును ఎట్లా పెట్టవలెనో, కొయ్యను చూచి దాని స్వభావాన్ని ఎట్లా పోల్చుకోవలెనో నేర్చుకొన్నాడు. ఆయన అసలు విద్య అక్కడ పూర్తి అయినదని చెప్పవచ్చును.

1943లో పూర్వపు యజమాని రేమండు హామీ ఇచ్చి, ఆయన కుటుంబాన్ని పెన్సిల్వేనియాలో న్యూహోప్ సమీపాననున్న తన పొలానికి రప్పించుకొన్నాడు. కొన్నాళ్లకు నకషీమా తన శ్రమకు బదులుగా అక్కడనే కొంత భూమి సంపాదించినాడు. దానిలో మొదట పనిశాల కట్టినాడు, తరువాతనే ఇల్లు.

ఆయన పద్ధతి లోకానికి కొత్తది. సాధారణంగా బొమ్మ ముందు గీసి, దానికి తగిన చెక్కను కోస్తారు. ఆయన పలకను ముందు ఎంచుకొని, అది ఏమి కాదగునో చాలకాలం ఆలోచించి, ఆ తరువాతనే బొమ్మ గీసేవాడు. దుంగను కోసేటప్పుడు తానే దగ్గర ఉండి రంపం ఎక్కడ పడవలెనో నిర్ణయించేవాడు. ఒక్క కోత తప్పితే వందల యేండ్ల పెరుగుదల వ్యర్థమవుతుంది. పూర్వం వజ్రాన్ని చెక్కేవారికి ఎంత జాగ్రత్త అవసరమో ఆయనకూ అంతే. కోసిన పలకలను యేండ్ల తరబడి ఆరబెట్టేవాడు. పచ్చికొయ్య ఆరేకొద్దీ కుంచించుకొని వంగుతుంది, అందుచేత ఆ ఓర్పు అవసరం. చెట్టు అంచు సహజంగా ఎట్లా ఉంటే బల్ల అంచును అట్లాగే ఉంచేవాడు. పలకలో పగులు ఉంటే పారవేయక, సీతాకోకచిలుక ఆకారపు కొయ్యబిళ్లను అడ్డంగా పొదిగి, అది విచ్చకుండా నిలిపేవాడు. ఇతరులు లోపమని త్రోసివేసినది ఆయన చేతిలో అలంకారమైంది. చెరను అనుభవించినవానికి పగిలినదాని విలువ తెలియటం సహజమే.

కీర్తి వచ్చినా పనిశాల కార్ఖానాగా మారలేదు. 1964లో అహమ్మదాబాదులోని జాతీయ రూపకల్పన సంస్థకు వచ్చి, అక్కడ తయారుచేయటానికి ఉపకరణాలకు రూపకల్పన చేసినాడు. 1973లో నెల్సన్ రాకఫెల్లర్ గృహానికి రెండువందలకు పైగా వస్తువులు చేసి ఇచ్చినాడు. 1981లో వృక్షాత్మను గురించిన గ్రంథం ప్రకటించినాడు. 1983లో జపాను ప్రభుత్వం ఆయనను గౌరవించింది. ఒక మహా అక్షోటవృక్షపు దుంగ చేతికి వచ్చినప్పుడు, దానితో ప్రతి ఖండంలోనూ ఒక శాంతివేదిక నెలకొల్పవలెనని సంకల్పించినాడు. మొదటిది 1986లో న్యూయార్కులోని ఒక మహాదేవాలయంలో నెలకొన్నది. 1990 జూన్ 15న ఆయన కన్నుమూసినాడు. తండ్రి సంకల్పాన్ని కుమార్తె మీరా చేపట్టగా, 1996లో ఒక శాంతివేదిక పుదుచ్చేరి సమీపాననున్న ఆరోవిల్లుకు చేరింది. సుందరానందుడు ఆ రూపంలో తిరిగి వచ్చినాడు.

నేడు లోకం మళ్లీ కొయ్యవైపు చూస్తున్నది. స్వీడన్ ఉత్తరభాగంలోని షెలెఫ్టియో పట్టణంలో 2021లో ఇరవై అంతస్తుల భవనాన్ని కొయ్యతో నిలబెట్టినారు. సిమెంటు, ఉక్కు తయారుచేయటంలో గాలి మలినమవుతుండగా, చెట్టు పెరుగుతూ ఆ మాలిన్యాన్ని తనలో దాచుకొంటుందన్న జ్ఞానం దీనికి కారణం. మన పాలమూరు, నల్లగొండ సీమలలో మాత్రం పాత ఇల్లు కూలినప్పుడు, తరతరాలు నిలిచిన టేకు ద్వారబంధాలు, స్తంభాలు తూకానికి అమ్ముడుపోతున్నవి. వాటిని చెక్కిన వడ్రంగి పేరు ఎవరికీ తెలియదు. ఆయన మనుమడు బాడిస వదలి వేరే పని వెదుక్కొంటున్నాడు.

మన పాఠశాలలలో చేతిపని నేర్చుకొనే పిల్లవానిని చదువు రానివాడని తక్కువగా చూడటం ఇంకా పోలేదు. బుద్ధిని చేతినుండి వేరుచేసిన చదువు సగం చదువేనని నకషీమా జీవితం నిరూపిస్తున్నది. ఊరి వడ్రంగిని ఒకనాడు బడికి పిలిచి, చిత్రిక పట్టటం పిల్లలకు చూపించమని అడిగే ఉపాధ్యాయుడు, మినిడోకా శిబిరంలో జరిగిన పాఠాన్ని మన ఊరిలో కొనసాగించినవాడవుతాడు.