పడవకు సంకేతం పంపిన టెస్లా

న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 1898లో ఒక నీళ్లతొట్టి, అందులో ఇనుప పడవ. తాడు లేదు, తీగ లేదు. నికోలా టెస్లా దూరం నుంచి మీట తిప్పితే అది మలుపు తిరిగేది, దీపాలు వెలిగేవి. లోపల కోతిని దాచారేమోనని కొందరి అనుమానమట!

కోతీ లేదు, మాయా లేదు. పడవలో ఓ చిన్న గొట్టం, దాన్నిండా లోహపు పొడి. రేడియో తరంగం తగలగానే పొడిలోంచి కరెంటు పారేది. వెంటనే గొట్టం తిరగబడి, పొడి వదులై, తర్వాతి సంకేతానికి సిద్ధమయ్యేది. సంకేతం అందినప్పుడల్లా లోపలి చక్రం కొంచెం జరిగేది. అది ఎక్కడ ఆగితే ఏ పని జరగాలో ముందే అమర్చి పెట్టారు.

ఇప్పటి క్రొయేషియాలోని స్మిల్యాన్‌లో 1856లో సెర్బ్ కుటుంబంలో పుట్టిన టెస్లా, 1884లో అమెరికా చేరారు. ఏసీ మోటారుతో పేరొచ్చింది. పడవకు మాత్రం గిరాకీ లేకపోయింది.

దాంట్లో ఇంకో చిక్కుంది. పక్కవాడు అలాంటి తరంగమే పంపితే? పొడికి మనోడెవరో పగోడెవరో ఏం తెలుసు? అందుకే రెండు వేర్వేరు ఫ్రీక్వెన్సీలు కలిసి అందితేనే పరికరం కదిలేలా ఉపాయం చేసి, 1903లో పేటెంట్లు పొందారు. కారు రిమోట్‌కు కోడ్ పెట్టడం వెనకా ఇదే తంటా.

పడవ పేటెంటు గడువు 17 ఏళ్లే, 1915లో తీరిపోయింది. 1943 జనవరి 7న న్యూయార్క్ హోటల్ గదిలో, అప్పులతో, ఒంటరిగా కన్నుమూశారు.