ఇమామ్ అబ్దుల్లా హారూన్ - 54 ఏళ్ల జాగారం

మన మసీదులో ఇమామ్ సాహెబును రోజుకు ఐదుసార్లు చూస్తాం. నమాజు చదివిస్తారు, పిల్లలకు ఖురాన్ నేర్పుతారు, నికాహ్ అయినా జనాజా అయినా ముందుంటారు. ఈ పనులన్నీ చేస్తూనే జుల్ముకు ఎదురు నిలిచి ప్రాణం ఇచ్చిన ఒక ఇమామ్ గారి సంగతి సొసైటీ సభ్యులకు, ముఖ్యంగా మన పిల్లలకు చెప్పదలచాను.

ఇమామ్ అబ్దుల్లా హారూన్ 1924 ఫిబ్రవరి 8న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో పుట్టారు. పసితనంలోనే తల్లి పోయింది. బంధువుల ఇంట్లో పెరిగారు. మక్కా వెళ్ళి దీనీ తాలీమ్ పొందారు. 1955లో క్లేర్‌మాంట్ పేటలోని అల్ జామియా మసీదుకు ఇమామ్ అయ్యారు. 1958లో అక్కడి ముస్లిం యువకులతో కలిసి ఒక సంఘం పెట్టారు. "ముస్లిం న్యూస్" పత్రికకు సంపాదకులుగా పనిచేశారు.

ఆ రోజుల్లో అక్కడ తెల్లవారి సర్కారు. మనిషి ఎక్కడ ఉండాలో, ఏ బడిలో చదవాలో చర్మం రంగే చెప్పేది. ఇమామ్ గారి కుటుంబం కూడా ఆ కానూను కిందే ఇల్లు వదిలి ఆథ్లోన్‌కు పోవలసివచ్చింది. ఆయన ఇల్లు గడవడానికి ఒక మిఠాయిల కంపెనీలో సేల్స్‌మన్ పని చేసేవారు. ఆ పని మీదే లంగా, గుగులేతు, న్యాంగా అనే నల్లవారి బస్తీలకు వెళ్ళేవారు. జైలుపాలైన వారి ఇళ్ళకు గుట్టుగా పైసలు చేర్చేవారు. వాళ్ళు ముసల్మానులా కాదా అని అడగలేదు. ఆకలికి మజ్హబ్ ఏముంది?

1969 మే 28న పోలీసులు ఆయనను పట్టుకుపోయారు. మీలాదున్నబీ సంబరాల రోజు అది. ఆ కానూనులో వకీలు లేడు, ములాఖాత్ లేదు, కేసు విచారణ లేదు. 123వ రోజున, సెప్టెంబరు 27న, కస్టడీలోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 45. భార్య గలీమా, ముగ్గురు పిల్లలు మిగిలారు. ఒంటి మీద 20కి పైగా కమిలిన గాయాలు, ఒక పక్కటెముక విరిగి ఉంది. మెట్ల మీంచి పడ్డాడని పోలీసులు చెప్పారు. 1970లో విచారణ జరిపిన మేజిస్ట్రేటు కూడా ఆ మాటే ఒప్పుకున్నాడు.

సెప్టెంబరు 29న జనాజాకు సుమారు 40 వేల మంది వచ్చారు. భుజాలు మార్చుకుంటూ మౌబ్రే ఖబ్రస్తాన్ దాకా నడిచారు. ఆ రాత్రే ఆ ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. జనం రెండింటినీ కలిపి చెప్పుకున్నారు. దాని సంగతి అల్లాకే ఎరుక.

నన్ను కదిలించింది ఆ తర్వాతి విషయం. 1971లో బెర్నార్డ్ రాంక్‌మోర్ అనే క్రైస్తవ పాదిరీ, సిగ్నల్ హిల్ కొండ మీద ఉన్న ఒక వలీ దర్గాలో కూర్చున్నారు. ఇమామ్ చావు మీద సరైన దర్యాప్తు జరగాలని 67 రోజులు ఉపవాసం ఉన్నారు. ప్రధాని వోర్‌స్టర్ ఒప్పుకోలేదు. పాదిరీ దీక్ష, ముసల్మానుల దర్గా, ఒక ఇమామ్ కోసం! ఇంతకన్నా ఇన్సానియత్ ఏం కావాలి?

ఇంటివారు కూడా ఊరుకోలేదు. ఏటేటా ఆయనను యాది చేసుకుంటూ, అడిగిందే అడుగుతూ వచ్చారు. గలీమా గారు 2019 సెప్టెంబరు 29న, భర్తను ఖననం చేసి సరిగ్గా 50 ఏళ్ళు నిండిన రోజున, న్యాయం చూడకుండానే పోయారు. 2022లో కేసు మళ్ళీ తెరిచారు. 2023 అక్టోబరు 9న జడ్జి థులారే పాత తీర్పు కొట్టేశారు. మెట్ల కథ అబద్ధం, పోలీసుల చిత్రహింసల వల్లే ఇమామ్ పోయారని తేల్చారు.

అంటే 54 ఏళ్ళు. కొట్టినవాళ్ళకు శిక్ష పడిందా అంటే, ఆ పోలీసులు అప్పటికే చనిపోయారు. మరి ఏం దక్కిందని క్లాసులో ఒక పిల్లవాడు అడిగాడు. కాగితం మీది అబద్ధం పోయి నిజం వచ్చింది బేటా, అన్నాను. జాగారం అంటే ఒక్క రాత్రి దీపం పెట్టడం కాదు. చనిపోయినవాడి మాట నిద్రపోకుండా చూడడం. సబర్ అంటే నోరు మూసుకొని కూర్చోవడం కాదని ఆ కుటుంబం మనకు నేర్పింది.

అల్లా మర్హూమ్ ఇమామ్ గారికి జన్నత్ ప్రసాదించుగాక. ఆమీన్.