వేరే ఆసుపత్రి వద్దన్న డాక్టర్

అణగారిన జనం కోసం ఒక దాత ముందుకొచ్చి, మీకంటూ విడిగా ఆసుపత్రి కట్టిస్తానంటే తీసుకోవాలా, వద్దనాలా? 1930ల మొదట్లో న్యూయార్క్‌లోని హార్లెంలో నల్లజాతి డాక్టర్ల ముందుకు ఈ ప్రశ్నే వచ్చింది. వద్దన్నవారిలో ముందు నిలిచినవారు డాక్టర్ లూయిస్ రైట్. ఆ జవాబు అర్థం కావాలంటే ఆయన బతుకు చూడాలి.

రైట్ 1891లో జార్జియా రాష్ట్రంలోని లాగ్రాంజ్‌లో పుట్టారు. తండ్రి బానిసగా పుట్టి డాక్టర్ అయిన మనిషి. రైట్ పసితనంలోనే ఆయన చనిపోయారు. పెంచిన మారుతండ్రి విలియం పెన్ కూడా డాక్టరే. అట్లాంటాలో చదువుకున్న రైట్ హార్వర్డ్ వైద్య కళాశాలలో చేరారు. కాన్పుల శిక్షణకు తెల్ల విద్యార్థులతో కలిసి ప్రసూతి ఆసుపత్రికి రాకూడదని అక్కడ ఆంక్ష పెట్టారు. ఆయన ఎదురు తిరిగి నెగ్గారు. 1915లో తరగతిలో నాలుగో స్థానంలో పట్టా అందుకున్నారు. అయినా బోస్టన్‌లోని పెద్ద ఆసుపత్రులు ఆయనను ఇంటర్న్‌గా తీసుకోలేదు. చివరికి వాషింగ్టన్‌లో నల్లజాతి వారి కోసం నడిచే ఫ్రీడ్‌మెన్స్ ఆసుపత్రి చేర్చుకుంది. డిఫ్తీరియాకు చేసే షిక్ పరీక్ష నల్లని చర్మం మీద పనికిరాదన్న నమ్మకం తప్పని ఆయన రుజువు చేసింది అక్కడే. అంటే విడి ఆసుపత్రి ఎందుకు అవసరమైందో ఆయనకు అనుభవంతోనే తెలుసు.

మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యుడిగా ఫ్రాన్స్ వెళ్లి విషవాయువుకు గురయ్యారు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఆ బాధ జీవితాంతం వెంటాడింది. తిరిగొచ్చాక 1919లో హార్లెం ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. అది నగర ప్రభుత్వం పన్నుల డబ్బుతో నడిపే ఆసుపత్రి. చుట్టూ నల్లజాతి జనాభా పెరుగుతున్నా వైద్యులంతా తెల్లవారే. ఆయనకు ఇచ్చింది అవుట్‌పేషెంట్ విభాగంలో అట్టడుగు పోస్టు. దానికే కొందరు తెల్ల డాక్టర్లు రాజీనామా చేశారు.

రోజెన్‌వాల్డ్ ఫండ్ అనే దాతృత్వ సంస్థ నల్లజాతి వారికి వేరే ఆసుపత్రి అన్న ఆలోచన తెచ్చినప్పుడు రైట్ వాదన సూటిగా ఉంది. పన్ను అందరితో పాటు మేమూ కడుతున్నాం. విడిగా ఒకటి కడితే మిగతా ఆసుపత్రులన్నీ మమ్మల్ని అక్కడికే పొమ్మంటాయి. ఆ ఒక్కటీ నిధుల్లేక నాసిరకంగానే మిగులుతుంది. ఆ ఆసుపత్రి న్యూయార్క్‌లో రాలేదు.

అయితే ఎదుటి పక్షం తేలికైనది కాదు. తెల్ల ఆసుపత్రుల తలుపులు తెరుచుకునేదాకా మన రోగులు, మన యువ డాక్టర్లు ఎక్కడికి వెళ్లాలని సాటి నల్లజాతి వైద్యులే ఆయన్ని నిలదీశారు. వేర్పాటు తప్పనప్పుడు సొంత సంస్థల్ని బలంగా కట్టుకుందామని డుబోయ్స్ కూడా రాశారు. 1946లో అంబేడ్కర్ ఉత్తరం రాసింది ఈ డుబోయ్స్‌కే. ఈ విభేదంతోనే 1934లో డుబోయ్స్ నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీని వీడారు. ఆ సంస్థ బోర్డు అధ్యక్ష పదవిలో 1930ల మధ్య నుంచి మరణం దాకా ఉన్నది రైట్.

1943లో ఆయన హార్లెం ఆసుపత్రి శస్త్రచికిత్స విభాగానికి అధిపతి అయ్యారు. 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను మనుషులపై తొలిసారి పరీక్షించింది ఆయన బృందమే. 1952లో కన్నుమూశారు. కూతురు జేన్ రైట్ క్యాన్సర్ మందుల పరిశోధనలో పేరు తెచ్చుకున్నారు.

ఆయన పోరాటం ఆయనతో ముగియలేదు. ఆసుపత్రుల నిర్మాణానికి కేంద్ర నిధులిచ్చిన 1946 నాటి హిల్-బర్టన్ చట్టం, వేరుగా ఉన్నా సమానమైతే చాలన్న నిబంధనను ఒప్పుకుంది. 1963లో కోర్టు దాన్ని కొట్టేసింది. 1966లో వృద్ధుల వైద్య బీమా మెడికేర్ మొదలైనప్పుడు, వివక్ష పాటించే ఆసుపత్రికి ఆ డబ్బు ఉండదని ప్రభుత్వం షరతు పెట్టింది. దశాబ్దాలుగా మూసి ఉన్న వార్డులు నెలల్లో తెరుచుకున్నాయి. ఆ తర్వాత నల్లజాతి వారి సొంత ఆసుపత్రులు చాలా మూతపడ్డాయి. ఆ నష్టాన్నీ మనం దాచకూడదు.

రైట్ జీవితం నుంచి మనం తీసుకోవాల్సింది ఒక లెక్క అడిగే అలవాటు. మన కోసమని ఏదైనా విడిగా కట్టినప్పుడు, దానికి ఎంత ఇచ్చారు అని మాత్రమే అడిగితే సరిపోదు. దాన్ని చూపించి ఏ తలుపులు మూస్తున్నారో కూడా అడగాలి.