లేక్ మీడ్ పేరులో ఉన్న మనిషి

ఇరిగేషన్ క్లాసులో హూవర్ డ్యామ్ స్లైడ్ మనందరం చూశాం. ఎత్తు 221 మీటర్లు, కొలరాడో నది, వెనకున్న జలాశయం పేరు లేక్ మీడ్. పరీక్షకి అంతవరకూ చాలు. ఆ మీడ్ ఎవరని నేనూ అడగలేదు.

మళ్లీ ఆ పేరు ఎదురైంది మా తాతయ్య వల్ల. అమ్మ వాళ్ల నాన్న ఆర్మీలో చేసి వచ్చారు. మాజీ సైనికుల కోటాలో ఐదెకరాల మెట్ట భూమికి పట్టా ఇచ్చారు. అంతా రాళ్లూ తుమ్మచెట్లూ. అప్పు చేసి రెండు బోర్లు వేయిస్తే రెండూ ఎండిపోయాయి. చివరికి హైదరాబాద్ వచ్చి ఒక అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్‌గా చేరారు. ఆ పట్టా ఇప్పటికీ ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంది. మొన్న సెలవుల్లో అది చూశాక, సైనికులకి భూమి ఇవ్వడమనేది వేరే దేశాల్లో ఎలా జరిగిందో వెతికాను. అక్కడ దొరికిన పేరు ఎల్‌వుడ్ మీడ్. సరస్సు పేరులో ఉన్న మీడే.

ఆయన 1858లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో పేట్రియట్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. 1882లో పర్‌డ్యూలో డిగ్రీ అయ్యాక, కొలరాడోలోని వ్యవసాయ కళాశాలలో ఇరిగేషన్ ఇంజనీరింగ్ చెప్పారు. 1888లో వ్యోమింగ్‌కి ఇంజనీరుగా వెళ్లారు. అక్కడ ఏటిలో పారే నీళ్ల కన్నా, కాగితాల మీద జనం రాయించుకున్న హక్కులే ఎక్కువ. ముందు నీళ్లు కొలవాలి, ఆ తర్వాతే హక్కులు ఇవ్వాలి అని మీడ్ పట్టుబట్టారు. 1890లో వచ్చిన వ్యోమింగ్ రాజ్యాంగంలో నీరు రాష్ట్రం ఆస్తి అని రాయించడంలో ఆయన చెయ్యి ఉంది.

1901లో వాషింగ్టన్‌లో ట్రామ్ ప్రమాదంలో కుడి చెయ్యి పోయింది. డ్రాయింగులు గీసుకునే ఇంజనీరుకి కుడి చెయ్యి పోవడమంటే ఏంటో మనకి వేరే చెప్పక్కర్లేదు. ఆయన మాత్రం పని ఆపలేదు. 1907లో ఆస్ట్రేలియా వెళ్లి విక్టోరియా రాష్ట్రంలో నదులు, నీటి సరఫరా కమిషన్‌కి ఛైర్మన్ అయ్యారు.

అక్కడ కాలువలున్నాయి, వాటి పక్కన సాగు లేదు. భూములన్నీ గొర్రెల మందలున్న పెద్ద ఆసాముల చేతుల్లో ఉన్నాయి. వాళ్లు కరువొచ్చినప్పుడే నీళ్లు అడిగేవాళ్లు. మీడ్ ప్రభుత్వం చేత ఆ భూములు కొనిపించి, చిన్న కమతాలుగా విడగొట్టించారు. రైతు వచ్చేసరికి ఇల్లు, కంచె, చదును చేసిన నేల సిద్ధంగా ఉండాలన్నది ఆయన పద్ధతి. నేల చూపించి వదిలేస్తే అది పొలం అయిపోదని ఆయనకి తెలుసు. ఈ వాక్యం రాస్తుంటే నాకు తాతయ్య బోర్లే గుర్తొచ్చాయి.

1915లో అమెరికా తిరిగొచ్చి బర్క్‌లీలో ప్రొఫెసర్ అయ్యారు. 1917లో కాలిఫోర్నియా ఒక చట్టం చేసి, మీడ్ పద్ధతిలో కాలనీలు కట్టే పని ఆయన చేతిలోనే పెట్టింది. 1918లో డర్‌హామ్ దగ్గర 6,000 ఎకరాలకు పైగా భూమితో మొదటి కాలనీ మొదలైంది. రైతు మొదట కొంచెం కడితే చాలు, మిగతాది ఏళ్ల తరబడి తక్కువ వడ్డీతో తీర్చుకోవచ్చు. మొదట్లో బాగా నడిచింది. ఈలోగా మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి సైనికులు ఇళ్లకి వస్తున్నారు. వాళ్లకి ప్రాధాన్యం ఇస్తూ రెండో కాలనీ పెట్టారు. ఆ ఊరి పేరు మన ఢిల్లీ స్పెల్లింగే, పలకడం మాత్రం డెల్‌హై.

అక్కడ లెక్క తప్పింది. నేల ఇసుక. చదును చేయడానికి, నీళ్లు పారించడానికి ఖర్చు పెరిగిపోయింది. గాలికి ఇసుక లేచి లేత మొక్కల్ని కొట్టేసేది. ఇంతలో 1920 తర్వాత పంటల ధరలు పడిపోయాయి. చేతిలో పెద్దగా పెట్టుబడి లేని సైనికులు అప్పుల్లో కూరుకుపోయి, మాకు చెప్పిందొకటి చేసిందొకటి అని ప్రభుత్వం మీద తిరగబడ్డారు. 1930ల మొదట్లో రాష్ట్రం ఈ పని నుంచే తప్పుకుంది. అంత అనుభవమున్న ఇంజనీరు, నేల తేలిగ్గా చూపించిన తేడాని ఎందుకు తేలిగ్గా తీసుకున్నారో అని నేను చాలాసేపు ఆలోచించాను.

ఇంకొకటి కూడా రాయకపోతే తప్పవుతుంది. మీడ్ కలలు కన్న ఊళ్లు తెల్లవాళ్ల ఊళ్లు. ఆసియా నుంచి వచ్చిన రైతుల చేతికి భూములు వెళ్లకూడదని ఆయన కూడా నమ్మారు. కాలిఫోర్నియాలో 1913 నుంచే, పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు సాగుభూమి కొనకుండా చట్టం ఉంది. పంజాబ్ నుంచి వెళ్లిన భగత్ సింగ్ థింద్ అదే యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశారు. అయినా 1923లో అక్కడి సుప్రీంకోర్టు ఆయన తెల్లవాడు కాదు కాబట్టి పౌరుడు కాలేడని తీర్పిచ్చింది. యూనిఫాం ఒకటే, భూమి మాత్రం అందరికీ కాదు.

1924లో మీడ్ అమెరికా బ్యూరో ఆఫ్ రిక్లమేషన్‌కి కమిషనర్ అయ్యారు. అప్పటికే ప్రభుత్వ ప్రాజెక్టుల కింద చాలామంది రైతులు బాకీలు కట్టలేక ఉన్నారు. కొత్త ప్రాజెక్టు కట్టేముందు నేల ఎలాంటిది, దాని మీద కుటుంబం బతుకుతుందా అనేది తేల్చాలన్న మాట అప్పుడు గట్టిగా వినిపించింది. హూవర్ డ్యామ్ ఆయన హయాంలోనే కట్టారు. 1935 సెప్టెంబర్ 30న ప్రారంభోత్సవం అయింది. నాలుగు నెలలు తిరక్కుండానే, 1936 జనవరి 26న, 78వ ఏట ఆయన పోయారు. సరస్సుకి ఆయన పేరు పెట్టారు.

ఇప్పుడు ఆ స్లైడ్ చూస్తే నాకు కాంక్రీట్ ఒక్కటే కనపడట్లేదు. డ్యామ్ ఎంత స్ట్రెస్ తట్టుకుంటుందో లెక్క కట్టడం మనకి నేర్పుతున్నారు. ఐదెకరాలు ఒక కుటుంబాన్ని తట్టుకుంటాయా అనే లెక్క ఏ సిలబస్‌లోనూ లేదు. మీడ్ ఆ లెక్క వేద్దామని చూశారు, ఒక చోట గెలిచారు, ఒక చోట ఓడారు, కొందరిని అసలు లెక్కలోకే తీసుకోలేదు.

ఈసారి ఊరెళ్లినప్పుడు తాతయ్య పొలంలో మట్టి తీసుకొచ్చి మన సాయిల్ ల్యాబ్‌లో పరీక్ష చేయిద్దామనుకుంటున్నాను. ఆయనకి ఫోన్ చేసి చెబితే నవ్వారు. పట్టా ఇచ్చేముందు చేయాల్సిన పనిరా అది, అన్నారు.